దళసరి గుండె

జనరల్ ఆసుపత్రి,
పిల్లల వార్డు వరండా,
జూన్

వదినగారికి,

మీ ఫోన్లో నా నంబరుకు అడ్డుకట్ట వేసి నాలుగేళ్లయింది. అందుకే ఉత్తరం రాయక తప్పడం లేదు. క్షేమమా అని అడగను. అడిగినా మీరు నమ్మరు. కవరు మీద నా దస్తూరీ చూడగానే చించిపారేయాలనిపిస్తుంది మీకు. చించే ముందు ఒక్కసారి చదవండి. నా కోసం కాదు, మీ అమ్మాయి కోసం.

వేసవి సెలవులకు ముందు మా పిచ్చుక బడిలో మెట్లెక్కుతూ పడిపోయింది. వేషాలేస్తోందనుకుని తోటి పిల్లలు నవ్వారట. క్లాసు టీచరు వచ్చి చూసేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. కాసేపటికి దానంతట అదే కళ్లు తెరిచి "నా చెప్పు ఏది?" అని అడిగిందట. ఆసుపత్రిలో ఛాతీకి తీగలు అంటించారు, గుండెకు స్కానింగు తీశారు. గుండె గోడ ఉండాల్సిన దానికన్నా దళసరిగా ఉందట. అలాంటి గుండె ఉన్నట్టుండి లయ తప్పుతుంది. పరిగెత్తినప్పుడు, భయపడినప్పుడు, ఒక్కోసారి ఊరికే కూర్చున్నప్పుడు కూడా. తప్పిన లయ వెనక్కి వస్తే పిల్ల లేచి చెప్పు అడుగుతుంది. రాకపోతే మీ తమ్ముడిలా అవుతుంది.

రక్తం తీసి పంపారు. ఫలితం ఇప్పుడొచ్చింది. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు దిగేదట. నాకూ పరీక్ష చేశారు, నాలో లేదు. మిగిలింది మీ తమ్ముడు. రక్తం ఇవ్వడానికి ఆయన లేడు కాబట్టి తోడబుట్టిన మీరు ఇవ్వాలి. మీకు ఉండొచ్చు, లేకపోవచ్చు, నాణెం ఎగరేసినట్టే. మీకుంటే మీ అమ్మాయి బాణం కోసం మళ్లీ అదే నాణెం ఎగరేయాలి. ఆ సంగతి తేలేదాకా బాణం పరుగు పందేలకు వెళ్లకూడదు.

చెప్పాల్సింది చెప్పాను. ఆసుపత్రి వాళ్లు మీ పేరున ఇచ్చిన కాగితం ఇందులో పెట్టాను.

మీ తమ్ముడి భార్య

---

బడి,
ఆటల సామాన్ల గది,
జూన్

తమ్ముడి భార్యకు,

చించలేదు. చదివాను. చదివాక చించాను.

నాలుగేళ్లు ఆలోచించి ఆలోచించి చివరికి దారి కనిపెట్టావన్నమాట. నా తమ్ముణ్ణి నీ నోరు పొట్టన పెట్టుకుంది. ఆ పొద్దున నువ్వు వీధి వినేలా వాడి మీద విరుచుకుపడ్డావు. వాడు అన్నం ముట్టకుండా రంగు డబ్బాలు పట్టుకుని బయటికొచ్చాడు. బస్సు వెనక పరిగెత్తి నడిరోడ్డు మీద కుప్పకూలాడు. బోర్డులు రాసుకునే మనిషి, గట్టిగా మాట్లాడటం కూడా తెలియనివాడు. శవం ఇంటికి రాగానే అందరి ముందూ నీ ముఖం మీదే అన్నాను, "నువ్వే చంపావు" అని. ఆ మాట ఇప్పటికీ అంటాను. నువ్వేమో ఇప్పుడు ఒక కాగితం తెచ్చి, తప్పు నాది కాదు మీ రక్తానిది అంటున్నావు. పిల్ల జబ్బును కూడా నీ మీది మచ్చ తుడుచుకోవడానికి గుడ్డలా వాడుకుంటావా?

పిచ్చుక పడిపోయిందంటే నాకు బాధ లేదనుకోకు. అది మా వాడి బిడ్డ. కానీ జబ్బు దానిలోనే కొత్తగా పుట్టి ఉండొచ్చు కదా? నీకు లేదంటే మాకే ఉందని ఎవరన్నారు? మా నాన్న ముసలితనంలో కూడా నాలుగంతస్తులు ఎక్కి నీళ్ల ట్యాంకు కడిగేవాడు. నేను రోజూ పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించే డ్రిల్లు టీచరుని. వాళ్లతో పాటు పరిగెత్తుతాను. ఎప్పుడైనా ఆయాసపడ్డానేమో బడంతటినీ అడుగు.

బాణం ఎంపిక పోటీలు దగ్గరకొచ్చాయి. దానికి నడక వచ్చిన నాటి నుంచి ఈ రోజు కోసం చూస్తున్నాను. దాని చెవిన ఈ గోల వేశావో, మర్యాదగా ఉండదు.

ఇంటికి ఉత్తరాలు రాయకు. రాయాలని నోరు దురద పెడితే బడికి రాయి.

---

కళ్లజోళ్ల దుకాణం,
వెనక గది,
జూలై

వదినగారికి,

మీరడిగిన ప్రశ్న నేనూ అడిగాను. "పిల్లలోనే కొత్తగా పుట్టి ఉండొచ్చు కదా?" అని. మీ మీద దయతో కాదు. మళ్లీ మీ ముఖం చూడక్కర్లేదన్న ఆశతో.

ఎవరిని అడిగానో చెప్పాలి. ఈ ఆసుపత్రిలో ఇలాంటి జబ్బుల గురించి కుటుంబాలతో మాట్లాడటానికే ఒకావిడ ఉంది. గుండె వార్డు చివర, కట్లు కట్టే గది పక్కన ఒక ఇరుకు గదిలో కూర్చుంటుంది. పిండికట్టు కోసే రంపం మోత మొదలైతే మాట ఆపి, మోత ఆగాక ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. కాగితం మీద మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు పెట్టి గీతలతో కలుపుతుంది. మా పిచ్చుక ఆవిడకు గీతలమ్మ అని పేరు పెట్టింది. ఆవిడకు తెలిసి నవ్వింది కూడా.

పిచ్చుక సున్నాను ఆవిడ నల్లగా నింపింది. నాది ఖాళీగా వదిలేసింది. మీ తమ్ముడి చతురస్రం మీద అడ్డంగా ఒక గీత గీసింది, పోయినవాళ్లకు అలా గీస్తారట. ఆ గీత అలా గీయడం చూస్తూ నేను కూర్చోలేకపోయాను. మంచినీళ్లు తాగొస్తానని బయటికి వచ్చాను. తిరిగొచ్చేసరికి మీ సున్నాలో ప్రశ్నార్థకం ఉంది.

"కొత్తగా పుట్టడం కూడా ఉంటుందమ్మా. కానీ వాళ్ల నాన్న కూడా చిన్న వయసులో హఠాత్తుగా పోయారు. అందుకే అటువైపు చూడాలి. వాళ్ల ఇంట్లో ఇంకెవరైనా ఇలా పోయారా? నిద్రలోనో, నీళ్లలోనో, బండి నడుపుతూనో?" అని అడిగింది.

మీ బాబాయి ఒకాయన నీళ్లలో పోయాడని మీ తమ్ముడు ఒకసారి అన్నట్టు గుర్తు. అంతకు మించి నాకు తెలియదు. పన్నెండేళ్లు కాపురం చేసినా మీ ఇంటి సంగతులు నా దాకా రానిచ్చారా మీరు? అడుగుతున్నాను, చెప్పండి.

మచ్చ తుడుచుకోవడానికే ఇదంతా అన్నారు. అవును, తుడుచుకోవాలనే ఉంది. నాలుగేళ్లుగా మీ వాళ్లు దుకాణానికి వచ్చినా నా దగ్గర కళ్లజోడు బిగించుకోకుండా పక్కవాడి దగ్గరికి వెళ్తున్నారు. కానీ అది వేరే లెక్క. బాణం వేరే లెక్క. రెండూ కలిపి నా నెత్తిన రుద్దకండి. మీరు చెప్పకపోతే నేనే చెబుతాను. దానికి పంతొమ్మిదేళ్లు వచ్చాయి, చంటిపిల్ల కాదు.

---

బడి,
జూలై

తమ్ముడి భార్యకు,

బెదిరిస్తున్నావా? నన్నా?

సరే, రాసుకోమను మీ గీతలమ్మని. మా బాబాయి తాగి కాలవలో దిగాడు, మునిగాడు. అంతే. ఊళ్లోకెల్లా పెద్ద ఈతగాడు. పెళ్లయ్యి ఇద్దరు మగపిల్లలున్నా బుద్ధి రాలేదు, ఆవలి ఒడ్డు ముట్టి వస్తానని పందెం కాశాడు. నేను ఒడ్డునే ఉన్నాను, చిన్నదాన్ని. మధ్యలో ఆగాడు. చేతులు ఆడించలేదు. కేక వేయలేదు. మమ్మల్ని నవ్వించడానికి తేలుతున్నాడనుకుని చప్పట్లు కొట్టాం. తాగినవాడు అలాగే పోతాడు. ఇందులో గుండె ఎక్కడుంది?

నీ గోల పడలేక బాణాన్ని మా వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పోటీలకు ముందు మామూలు పరీక్ష అని చెప్పాను. గొట్టం పెట్టి విన్నాడు. "గుర్రం గుండె, మీకేం భయం లేదు" అన్నాడు. నీ గీతల కన్నా ఆయన చెవి మీద నాకు నమ్మకం.

ఇక ఆపు.

---

కళ్లజోళ్ల దుకాణం,
ఆగస్టు

వదినగారికి,

మీ బాబాయి సంగతి మీరు రాసింది రాసినట్టే గీతలమ్మకు చదివి వినిపించాను. చేతులు ఆడించలేదన్న చోట ఆవిడ కలం కింద పెట్టేసింది. "తాగినవాళ్లు కూడా కొట్టుకుంటారమ్మా. ఊపిరాడకపోతే ఎవరైనా కొట్టుకుంటారు" అంది. ఆయన నీళ్లు మింగక ముందే గుండె ఆగి ఉండొచ్చట. ఉండొచ్చు అనే అంది, ఖాయం అనలేదు. గొట్టం పెట్టి వింటే ఇది తెలియదని మాత్రం ఖాయంగా చెప్పింది. పిచ్చుక గుండె కూడా ఎందరో డాక్టర్లు విన్నారు, అందరూ భేష్ అన్నారు.

ఒక్క మాట. ఆ పొద్దున ఎందుకు గొడవపడ్డామని నాలుగేళ్లలో మీరు ఒక్కసారైనా అడిగారా? మీ తమ్ముడు తన కుంచెలు నేను నీళ్లు తాగే గ్లాసులో నానబెట్టాడు. అందుకు. అంతకుముందు రోజు కిటికీ రెక్క గురించి. దానికి ముందు రోజు మా అమ్మ గురించి. గట్టిగా మాట్లాడటం తెలియని మనిషా? మీ దగ్గర తెలియదేమో. మా ఇంట్లో ఆయన గొంతు నాకన్నా పెద్దది. పన్నెండేళ్లు రోజూ పోట్లాడుకున్నాం, రోజూ ఒకే కంచం దగ్గర రాజీపడ్డాం. గొడవలకు మనుషులు పోతే మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడాలి.

ఇప్పుడు మీకు కోపం తెప్పించేది చెబుతాను. నేను స్టేడియానికి వెళ్లాను. బాణం సాధన అయి బయటికొస్తుంటే గేటు దగ్గర ఆపాను. గీతలమ్మ నన్ను ముందే హెచ్చరించింది. "చెప్పొచ్చు, తోయకూడదు. వద్దనుకునేవాళ్లకు తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఉంది" అని. నేను తోశాను. ఒప్పుకుంటాను. ఎదురుగా చెమటతో తడిసి, మీ తమ్ముడి ముక్కు, మీ తమ్ముడి చెవులతో ఆ పిల్ల నిలబడి "అత్తా, ఇన్నాళ్లకా!" అని కావలించుకుంటే, ఏ హక్కూ గుర్తు రాలేదు.

అంతా విని ఒక్కటే అడిగింది, "అమ్మకి ఇది తెలుసా?" అని.

తెలుసని చెప్పాను.

---

ఇంటి నుంచి,
ఆగస్టు

నీకు,

పిలవడానికి వరస కూడా రావడం లేదు.

నా కూతురు ఎంపిక పోటీలకు వెళ్లలేదు. బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టింది. మళ్లీ ముట్టుకోలేదు. నాతో మాట్లాడటం మానేసింది. వాళ్ల నాన్నతో "అమ్మనీ అత్తనీ అలాగే కాగితాలు రాసుకుంటూ ఉండమను" అని వెటకారం చేసింది. ఆ పెద్దమనిషి ఎన్నడూ లేనిది నా మీద గొంతు లేపాడు. "పిల్ల ప్రాణం కన్నా నీ పంతం ఎక్కువైందా?" అన్నాడు. నాకు పంతమట!

నా తమ్ముడి ఊపిరి ఆపావు. నా కూతురి పరుగు ఆపావు. మా ఇంట్లో ఆపడానికి ఇంకేం మిగిలింది, గోడ గడియారమా? అది కూడా వచ్చి ఆపిపో.

బాణం తనంతట తానే మీ ఆసుపత్రికి వెళ్లింది. తనలో ఉందంటే అమ్మలోనూ ఉన్నట్టే, కాబట్టి ముందు అమ్మ రావడం మంచిదని మీ గీతలమ్మ చెప్పిందట. "అమ్మ రాదు, నా రక్తం తీసుకోండి" అని చెయ్యి చాపి వచ్చింది. మోచేతి దగ్గర అంటించిన దూది చూపించి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఇప్పుడు ఫలితం కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. పగవాళ్లకు కూడా ఇలాంటి రోజులు వద్దు అనడం మర్యాద. నేను అనను. నీకు రావాలి.

వచ్చేశాయిగా అంటావేమో. పిచ్చుకను తలుచుకుంటే ఈ వాక్యం కొట్టేయాలనిపిస్తోంది. నిన్ను తలుచుకుంటే ఉంచాలనిపిస్తోంది. ఉంచుతున్నాను.

---

బడి,
సెప్టెంబరు

లేదు.

విన్నావా? బాణంలో లేదు. రక్తంలో లేదు, స్కానింగులో లేదు. దాని పిల్లలకు కూడా ఎప్పటికీ రాదట. ఇవాళ పొద్దున బూట్లు తొడుక్కుని వెళ్లింది. మైదానం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి గడ్డిలో పడుకుని ఏడ్చింది.

మా రక్తం శుభ్రంగా ఉంది. ఇప్పుడు చెప్పు, ఎవరి వల్ల పోయాడు నా తమ్ముడు? ఈ ఏడాది పోటీలు పోయాయి. వాటిని ఎవరు తెచ్చిస్తారు, నువ్వా, నీ గీతలమ్మా?

జవాబు రాయకు.

---

జనరల్ ఆసుపత్రి,
అక్టోబరు

వదినగారికి,

బాణం సంగతి మీకన్నా ముందే నాకు చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీదే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. సంతోషించాను. ఇంటికెళ్లాక మాత్రం కడుపు మండింది. మీ పిల్లకు బొమ్మ పడింది, నా పిల్లకు బొరుసు పడింది. ఎందుకని? అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను, సిగ్గుపడ్డాక మళ్లీ అనుకున్నాను. మీకు ఇది చెప్పడం వల్ల నాకు ఒరిగేదేమీ లేదు. కడుపులో ఉంచుకోలేక రాస్తున్నాను.

అసలు విషయం. పిల్లలో లేకపోతే తల్లిలో లేనట్టు కాదు. మీలో ఉండి కూడా బాణానికి దిగకపోయి ఉండొచ్చు. మీ సున్నాలో ప్రశ్నార్థకం అలాగే ఉంది. మీరేమో విజిలు ఊదుకుంటూ పిల్లల వెంట పరిగెత్తుతున్నారు. ఏదో ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లలు మీ చుట్టూ చేరి, మీరు ఆటపట్టిస్తున్నారనుకుని చప్పట్లు కొడతారు.

ఇది రాయడం క్రూరమే. తెలిసే రాశాను. మీరు మంచిగా చెబితే వినే మనిషి కాదు.

---

ఇంటి నుంచి,
డిసెంబరు

తమ్ముడి భార్యకు,

ఆ చప్పట్ల మాట రాసినందుకు నిన్ను జన్మలో క్షమించను. దాని తర్వాత మైదానంలో పిల్లలు దేనికి చప్పట్లు కొట్టినా నా పరుగు ఆగిపోయింది. బాణం అది కనిపెట్టింది. "అమ్మా, నువ్వు పరీక్ష చేయించుకునేదాకా నేను పరిగెత్తను" అని బూట్లు తీసుకెళ్లి మంచం కింద పడేసింది. పంతాలన్నీ నా దగ్గరే నేర్చుకుంది. ఏం చేయను, వెళ్లాను.

మీ గీతలమ్మ నేననుకున్నట్టు లేదు. పొట్టి మనిషి, దగ్గు. నేను కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"నన్ను పంపింది మా తమ్ముడి భార్య. మహా నోటి దురుసు మనిషి."

"తెలుసండీ," అంది. "ఆవిడ కూడా మీ గురించి అదే చెప్పింది."

పక్క గదిలో రంపం మోగుతుంటే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మోత ఆగాక అడిగింది. "ఎప్పుడైనా కళ్లు తిరిగాయా?" లేదన్నాను. "ఎండలో కూడా?" ఎండలో అందరికీ తిరుగుతాయన్నాను. "అందరికీ తిరగవండీ," అంది.

రక్తం ఫలితం దాకా ఆగనవసరం లేకపోయింది. స్కానింగు చేసే అమ్మాయి కబుర్లు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఆ ఆగడంలోనే నాకు అర్థమైంది. రక్తం కూడా అదే చెప్పింది. పిచ్చుకలో ఉన్నదే నాలో ఉంది. మాత్రలు ఇచ్చారు. విజిలు వేరేవాళ్ల మెడలోకి వెళ్లింది. నన్ను గ్రంథాలయంలో కూర్చోబెట్టారు. పిల్లలు "టీచర్, ఇక్కడ మమ్మల్ని గుంజీలు తీయించరా?" అని వచ్చి చూసిపోతున్నారు.

నువ్వు గెలిచావనుకుంటున్నావేమో. ఈ ఇల్లు, ఆ ఇల్లు తిరిగి మా వాళ్లకు ఇది చెప్పింది నేను. మా బాబాయి కొడుకులిద్దరికీ చెప్పాను. పెద్దవాడు తలుపు సగం తెరిచి "మా ఇంటికి రోగం మోసుకొచ్చావా అక్కా?" అన్నాడు. వాడి చొక్కా పట్టుకుని బయటికి లాగాను. వచ్చే వారం ఇద్దరూ వస్తున్నారు ఆసుపత్రికి. మా వైపు వాళ్లకు చెప్పే పని నాది, నీది కాదు. నువ్వు చెబితే వినేవాళ్లు కూడా వినరు.

ఒకటి మాత్రం అడుగుతాను. జవాబు చెప్పనక్కర్లేదు. తమ్ముణ్ణి నువ్వు చంపావనుకున్నంత కాలం నాకు నిద్ర పట్టేది. లేవగానే ఎవరిని తిట్టాలో తెలిసేది. ఇప్పుడు నువ్వు కాదు. మరి ఎవరు? మా నాన్నా? ఇది ఉన్నా కొందరికి ఏమీ కాదట. ఆయన చివరిదాకా మెట్లెక్కాడు, ఆయనకేం తెలుసు? నేనిప్పుడు ఎవరి మీద అరవాలి? ఒక సున్నా మీదా, చతురస్రం మీదా?

---

కళ్లజోళ్ల దుకాణం,
జనవరి

వదినగారికి,

నా మీదే అరవండి. అలవాటైన పని.

మీ గుండె దళసరిదని నాకెప్పుడో తెలుసు, యంత్రం ఆలస్యంగా చెప్పింది. ఈ వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు. మాత్రలు మానకండి. అవి వేసుకుంటే మొదట్లో ఒళ్లు బరువుగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. పిచ్చుకకు అలాగే అయింది.

పిచ్చుక మళ్లీ పడిపోయింది. ఈసారి లేవడానికి ఎక్కువసేపు పట్టింది. ఛాతీ చర్మం కింద చిన్న పెట్టె అమరుస్తామంటున్నారు. లయ తప్పితే అది లోపలి నుంచే షాకు కొట్టి దారిలో పెడుతుందట. "పట్టుకుంటే చేతికి తగులుతుందా?" అని పిల్ల భయపడుతోంది. బాణం వచ్చి దానికి తోడు పడుకుంటోంది.

ఆపరేషను వచ్చే బుధవారం. మిమ్మల్ని రమ్మని నేను అడగడం లేదు. పిచ్చుక అడిగింది. "అత్తకీ నాకూ ఒకటే జబ్బు కదా, అత్తకే తెలుస్తుంది" అంది. ఈ మాట మీకు చేరవేయడం నాకేమీ ఇష్టంగా లేదు.

---

ఇంటి నుంచి,
జనవరి

అమ్మాయ్,

ఆపరేషను రోజు వరండాలో నువ్వూ నేనూ పలకరించుకోకుండా చెరో బెంచీ మీద కూర్చున్నాం. మంచిదే. కిటికీ మూయమని నేను, తెరవమని నువ్వు ఆయాతో వాదించి ఇద్దరం చీవాట్లు తిన్నాం. అదీ మంచిదే. కానీ నువ్వు మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి నీకు చెప్పకుండా వచ్చేశాను. ఎదురుగా చెప్పడం నా వల్ల కాదు. రాస్తున్నాను.

నేను పక్కన కూర్చున్నాను. పిచ్చుక కళ్లు తెరిచింది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు.

"అత్తా, నాన్నకి కూడా ఈ పెట్టె పెట్టి ఉంటే బతికేవాడా?"

"బతికేవాడేమోనే తల్లీ."

"అంటే నాన్న గుండె వల్లే పోయాడా?"

"అవును."

"అమ్మ తిట్టినందుకు కాదా?"

ఆ రోజు మీ ఇంట్లో నేను అరిచినప్పుడు అది గుమ్మంలో చెప్పులు సర్దుతోందట. ఎవరో దాన్ని పనిలో పెట్టారు, అటూ ఇటూ తిరగకుండా. ఎనిమిదేళ్ల పిల్ల. అంతా వింది.

"నేను అమ్మకి ఎప్పుడూ కోపం తెప్పించను అత్తా," అంది. "తెప్పిస్తే నేను కూడా పోతాను కదా. నాకు కూడా నాన్న గుండే అన్నారు."

నువ్వు దుకాణం నుంచి వచ్చేసరికి అది గిన్నెలు కడిగి ఉంచుతుందనీ, ఒక్క మాట ఎదురు చెప్పదనీ, బంగారు తల్లి అనీ బాణంతో మురిసిపోయావట. బాణమే నాతో చెప్పింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

నేను దాని చెయ్యి పట్టుకుని చెప్పాను. "మీ అమ్మ తిట్టినందుకు కాదు. అత్త అబద్ధం చెప్పింది." అది నా ముఖంలోకి చూసి, "ఎందుకు చెప్పావు?" అని అడిగింది. ఇంతలో నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది.

నీ ముఖం మీద అన్న మాట నీ ముఖం మీదే వెనక్కి తీసుకోవాలి. తెలుసు. ఎదురుపడితే మళ్లీ కిటికీ గురించే పోట్లాడతానని కూడా తెలుసు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరికీ ఒక్కొక్కరికీ చెప్పి వస్తున్నాను. మా బాబాయి కొడుకుల ఇంటితో మొదలుపెట్టాను. గ్రంథాలయం ఉద్యోగం, తీరిక ఎక్కువ.

నీ ఆడపడుచు

---

కళ్లజోళ్ల దుకాణం,
వెనక గది,
ఫిబ్రవరి

వదినా,

మీ ఉత్తరం చదువుతుంటే సానపడుతున్న అద్దం చేతిలోంచి జారి పగిలింది. యజమాని అరిచాడు. నేను తిరిగి అరవలేదు. ఆయన భయపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

నన్ను చంపినా బాగుండేది. పిల్లను అన్నేళ్లు ఆ భయంతో నా ఇంట్లోనే, నా పక్కనే పడుకోబెట్టారు మీరు. మిమ్మల్ని క్షమించలేదు. ఎప్పుడు క్షమిస్తానో నాకు తెలియదు. మీరు ఇంటింటికీ తిరిగి చెబుతున్నది నిజమే, నిన్న మీ పిన్ని దుకాణానికి వచ్చి జోడు నా చేతికే ఇచ్చింది, తల ఎత్తకుండా. ముక్కు మీద బిగువుగా ఉందా అంటే లేదంది. అంతే మాట్లాడుకున్నాం.

మంగళవారం పిచ్చుకకు కుట్లు విప్పుతారు. మీరు రండి. కిటికీ సంగతి అక్కడ చూసుకుందాం.

మీ ఉత్తరం వచ్చిన రాత్రే పిచ్చుకను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను. కుంచెల గ్లాసు దగ్గర నుంచి. వింది. నమ్మిందో లేదో తెలియలేదు. రెండు మూడు రోజులు అలాగే ఒద్దికగా గిన్నెలు కడిగింది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

ఇవాళ పొద్దున జడ వేస్తుంటే చిక్కు లాగానని దువ్వెన లాక్కుని గోడకేసి కొట్టింది. "నీకు జడ వేయడం రాదు, ఎప్పుడూ రాదు, బాణం అక్క వేస్తుంది, నువ్వు ముట్టుకోకు!" అని గొంతు చించుకుని అరిచింది. నాకూ ఒళ్లు మండింది. "అయితే బాణం దగ్గరికే పో!" అని నేనూ అరిచాను. పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. అది ఒక్క క్షణం ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేనూ కదల్లేదు. ఏమీ కాలేదు. చెయ్యి తీసేసి మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా.